ఎర్త్ తీసేసిన నల్లా

నల్లా తిప్పే ముందు కుడిచేతి వేళ్ళను కొంగుకు గట్టిగా తుడుచుకోవడం నీలాకు ఈమధ్యే అలవాటైంది. తుడిచిన చేతిని కూడా వెంటనే వెయ్యదు. ముందు చూపుడువేలి గోరు తాకిస్తుంది. తర్వాత వేలి కొన. ఏమీ అనిపించకపోతే అప్పుడు పిడికిలి. పొయ్యి మీద కాగే గిన్నెను ఒట్టి చేతుల్తో దించే మనిషి, చల్లటి నల్లా దగ్గర ఇంత జాగ్రత్త పడటం ఎవరైనా చూస్తే నవ్వుతారు.

ఆ రోజు వేలి కొన దగ్గరే పట్టేసింది. చీమ కుడితే ఎక్కడ కుట్టిందో తెలుస్తుంది. ఇది అలా కాకుండా వేలి లోపల సన్నగా జుమ్మని లేచి, మణికట్టు దాకా పాకి ఆగిపోయింది.

"అమ్మా, నల్లాకు ఎర్త్ వస్తంది" అని వంటింటి కిటికీ వైపు కేకేసింది.

మిర్యాలగూడ ఊరవతల, వేములపల్లి పోయే దారిలో కొత్తగా వేసిన వెంచరు అది. స్తంభాలు లేవు, నెత్తి మీద తీగలు లేవు. కరెంటంతా భూమిలోనుంచే వస్తుంది. వీధి మలుపులో నిలబెట్టిన ఇనుప డబ్బా నుంచి ఒక్కో ఇంటికీ నల్లటి కేబులు నేలలో పూడ్చి తెచ్చారు. ప్లాట్లు అమ్మినవాళ్ళు ఆ గొప్ప చెప్పుకునే అమ్మారు, కొన్నవాళ్ళు ఆ గొప్ప చెప్పుకునే చుట్టాలకు ఇల్లు చూపించారు. కంటికి కనపడని తీగను చూసి ఎవరు మాత్రం భయపడతారు?

ఇంటావిడ శాంతకుమారి మేడం బయటికొచ్చింది. సొంతూరు కోదాడ, ఇక్కడ సర్కారు ఆఫీసులో ఉద్యోగం. సారు సూర్యాపేటలో పనిచేస్తాడు, ఆదివారం ఆదివారం వచ్చిపోతాడు. మడమ నొప్పికి డాక్టరు చెప్పిన మెత్తటి రబ్బరు చెప్పులను మేడం ఇంట్లో కూడా విడవదు. ఆ చెప్పులతోనే బట్టలుతికే బండ మీదికొచ్చి నల్లాను తిప్పింది, కట్టేసింది, మళ్ళీ తిప్పింది.

"ఏదీ? ఏముందిక్కడ?"

"నాకు కొట్టిందమ్మా. గీ ఏలికి."

"నాకేం కొట్టలేదే!"

నీలా తన పాదాల వైపు చూసుకుంది. పనిమనుషుల చెప్పులు గేటు బయటే ఉండాలని, ఈ ఇంట్లో దిగిన రోజే మేడం చెప్పింది. కొత్త బండలు, మట్టి మరకలు పడితే పోవట. నీళ్ళలో నాని నీలా కాలివేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మీకు చెప్పులున్నాయి, నాకు లేవు, అందుకేనేమో అందామని నోటిదాకా వచ్చింది. ఆ మాట చెప్పుల కోసం వేసిన ఎత్తులా వినిపిస్తుందేమోనని మింగేసింది.

మేడం చెడ్డమనిషేం కాదు. శనివారం పొద్దున చిరంజీవిని పిలిపించింది. వెంచరులో సగం ఇళ్ళకు వైరింగు చేసింది అతనే. బండి స్టాండు వేస్తూనే జేబులోనుంచి టెస్టరు తీశాడు.

"ఏందమ్మా పరేషాన్?"

"ఈ నల్లాకి ఎర్త్ వస్తుందంటుందయ్యా. తీసెయ్."

ఆ "తీసెయ్" అన్న మాటలోనే ఉంది అసలు గొడవంతా. మన దగ్గర నల్లా జుమ్మన్నా ఎర్తే, ఫ్రిజ్ తలుపు చురుక్కుమన్నా ఎర్తే, వానకు నానిన గోడ కొట్టినా ఎర్తే. ఆ జబ్బు పేరు ఎర్త్. ఆ జబ్బుకు మందుగా గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి, అందులోకి దింపే తీగ పేరు కూడా ఎర్తే. రోగానికీ మందుకూ ఒకటే పేరు పెట్టుకున్నాక, తీసెయ్యమన్నప్పుడు ఏది పోతుందో చెప్పేదెవరు?

నల్లా కింద ఇనుప పైపుకు ఒక ఆకుపచ్చ తీగ బిగించి ఉంది. దాని రెండో కొస గోడవారగా ఎర్తు గుంతలోకి పోతోంది. చిరంజీవి ఆ తీగను వేలితో పైకి లాగి, కొంచెం తొక్క గీకి, టెస్టరు ఆనించాడు. టెస్టరు లోపలి బుడ్డి దీపం ఎర్రగా మిణికింది.

"దొరికింది దొంగ. గీ వైరుల కెళ్ళే వస్తంది."

కటింగ్ ప్లేరుతో తీగను టప్పుమని కత్తిరించాడు. తెగిన కొసను గుంత వైపు మడిచి, పైన ఓ ఇటుకరాయి పెట్టాడు. "ఎర్త్ ఖతం" అని చేతులు దులుపుకున్నాడు. తీగ తీసేశాక నల్లాకు మరోసారి టెస్టరు పెట్టి చూడాలని అతనికి తోచలేదు, చూడమని అనడం పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళకూ తోచలేదు. అప్పటికే బట్టలు ఉతికి ఆరేసి ఉన్నాయి కాబట్టి ఆ పూట నల్లాతో ఎవరికీ పని పడలేదు. నీలాకు నిజంగానే ప్రాణం తేలికపడింది. చిరంజీవికి చాయ్ కూడా తనే పెట్టి ఇచ్చింది.

ఆదివారం నీలా పనికి రాదు. ఆ రాత్రి పట్టిన వాన తెల్లారినా వదల్లేదు.

సోమవారం గేటు బయట చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టిన నీలా అక్కడే ఆగింది. గేటు దగ్గర్నుంచి నల్లా దాకా, ఇంటి పక్కనున్న సన్నటి మట్టి దారి పొడుగునా వానపాములు పైకొచ్చి పడి ఉన్నాయి. వానకు వానపాములు రావడం వింత కాదు. నీలా ఉండే తండాలో వానొస్తే ఎటు చూసినా అవే. కానీ ఇక్కడ అవి గీత గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. కొన్ని మెలికలు తిరుగుతున్నాయి, కొన్ని ఉంగరంలా చుట్టుకుని కదలకుండా పడి ఉన్నాయి. ఆ వరసకు రెండు పక్కలా తడిమట్టి మీద ఒక్కటి కూడా లేదు. నీలాకు ఒళ్ళు గగుర్పొడిచింది. చీపురుతో వాటిని ఓ పక్కకు ఊడ్చి, చూడనట్టే పనిలో పడింది.

రెండు రోజుల బట్టలు కుప్పగా ఉన్నాయి. సారు ప్యాంట్లు, దుప్పట్లు, మందపాటి కిటికీ పరదాలు. దుప్పటి నానబెట్టడానికి బకెట్టు నల్లా కింద పెట్టింది. ఈసారి కొంగుకు చెయ్యి తుడుచుకోలేదు. గోరు తాకించి చూడలేదు. ఎర్త్ ఖతం అని మనిషి చెప్పాక ఇంకా భయమెందుకు? పిడికిలి నిండా నల్లా పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి మళ్ళీ రాలేదు. వేళ్ళు తనవి కానట్టు నల్లా చుట్టూ ఇంకా ఇంకా బిగుసుకున్నాయి. అరుద్దామంటే దవడ కదల్లేదు. మోచేతి నుంచి ఛాతీలోకి ఏదో గుద్దుతూ, గుద్దుతూ వచ్చింది. సబ్బునీళ్ళ బండ మీద కాలు జారి ఒళ్ళంతా ఒక్కసారి వెనక్కి పడటంతో ఆ బరువుకు చెయ్యి ఊడింది. జారి పడటమే ఆమెను బతికించింది. బకెట్టు దొర్లి గోడకు తగిలి ఆగింది.

చప్పుడు విని మేడం వచ్చింది.

"ఏమైంది? జారావా?"

"ఎర్త్... అమ్మా... చెయ్యి రాలే... పట్టేసింది."

"ఎర్త్ మొన్ననే తీయించాం కదా నీలా!"

నీలా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మేడం కాసేపు ఆమెను చూసి, విసుగ్గా లోపలికి పోయి మెయిన్ స్విచ్ దించింది. ఇంట్లో ఫ్యాను మెల్లమెల్లగా ఆగిపోయింది. ఫ్రిజ్ రొద పోయింది. టీవీ డబ్బా మీది చిన్న లైటు కూడా ఆరిపోయింది.

"చూడు. ఇల్లంతా ఆపేశాను. ఇంక ఎర్త్ లేదు, గిర్త్ లేదు. లే, ఉతుకు. నాకు ఆఫీసు టైమవుతోంది."

నీలా కిటికీలోంచి ఆగిపోయిన ఫ్యాను వైపు చూసింది. ఆమెకూ నమ్మకం కుదిరింది. కరెంటే లేని ఇంట్లో కరెంటు ఎలా కొడుతుంది? బండ మీద మోకాళ్ళు ఆనించి, చెయ్యి చాచి, వేలి కొన మాత్రం నల్లాకు తాకించింది.

భుజం దాకా ఈడ్చి కొట్టింది. కెవ్వుమని వెనక్కి పడి, గోడకు ఆనుకుని, చేతిని పొట్టలో దాచుకుంది.

మేడం ముఖంలో రంగు మారింది. అది కోపమా మరొకటా నీలాకు అప్పుడు తెలియలేదు. "మెయిన్ ఆపాక కూడా కొడుతుందా నీకు? కరెంటు ఆకాశంలోంచి ఊడిపడుతుందా? చేయాలని లేకపోతే నోటితో చెప్పు, ఈ నాటకాలు దేనికి?" అంది. అంతలోనే గొంతు తగ్గించి, "నీకేదో నరాల జబ్బున్నట్టుంది. దవాఖానలో చూపించుకో. రేపట్నుంచి రాకు. వేరే మనిషిని చూసుకుంటాను" అంది. కారుతున్న నల్లాను కట్టేసేటప్పుడు పొడి టవలు నాలుగు మడతలు పెట్టి చేతికి చుట్టుకుంది.

నీలా గేటు బయటికొచ్చి చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతే, పాదాలు వణికి చెప్పులు దొరకలేదు.

తండాకు పోయేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పెనిమిటి లింగ్యా రైస్‌మిల్లులో హమాలీ పనికి పోయాడు. నీలా ఇనుప మంచం కోడును ముట్టుకుని చూసింది. పెట్టె గొళ్ళేన్ని ముట్టుకుంది. బయటికి పోయి తండా నల్లాను గోరుతో తాకింది. నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు నవ్వారు. ఎక్కడా ఏమీ లేదు. మేడం చెప్పిన నరాల జబ్బు నిజమేనేమోనని ఏడుపొచ్చింది. చదువుకున్న మనిషి, కళ్ళ ముందే మెయిన్ ఆపి చూపించింది. ఇంక తన ఒంట్లోనే ఏదో ఉండాలి కదా.

మరిది సాగర్ కోదాడలో కాంట్రాక్టరు కింద కేబుళ్ళు పూడ్చే పని చేస్తాడు. సాయంత్రం అతనికి ఫోన్ చేసింది. ఇద్దరూ మాట్లాడుకునేది లంబాడీలోనే అయినా, కరెంటు సంగతి వచ్చేసరికి మాటలన్నీ తెలుగులోకి దొర్లాయి.

"మెయిన్ ఆపినంక గూడ కొట్టిందా వదినా?"

"ఔ. పంక గూడ ఆగింది. నా కండ్లతోటి సూసిన."

సాగర్ హైవే మీది లారీల చప్పుడుకు దూరంగా జరిగాడు.

"ఆ ఇంటికి కరెంటు భూమిల కెళ్ళి వస్తదా?"

"ఔ."

"గేటు కాడ ఎవలన్న గడ్డపార ఏసిన్రా ఈ నడుమ?"

నీలా ఆలోచించింది. "గడ్డపార ఏం లేదు. ఇంట్ల దిగినప్పుడు గృహ ప్రతిష్ఠ అని ప్రార్థన పెట్టిన్రు. షామియానకు ఇనుప మేకులు కొట్టిన్రు గాడ." చెబుతుండగా మరొకటి గుర్తొచ్చింది. "సాగరూ, ఇయాల పొద్దుగాల గేటు కాడికెళ్ళి నల్లా దాక వానపాములు వరసల లేసినయి."

"ఇగ సెప్పకు వదినా. ఆ మేకు కేబుల్ల దిగింది. మెయిన్ ఆపితే ఇల్లు ఆగుతది గని, డబ్బ కాడికెళ్ళి మీటరు దాక ఉన్న కేబులు ఆగదు. అండ్ల కరెంటు ఎప్పుడూ ఉంటది. ఇప్పుడది తడికి కారి నల్లా పైపుకు ఎక్కుతంది. మరి గాడ ఎర్త్ లేదా?"

"ఎర్త్ వస్తందనే గదా, మొన్న తీసేయించిన్రు. పచ్చ వైరు కోసేసిండు."

"కోసేసిండా? ఎవడాడు?" సాగర్ గొంతు పెరిగింది. "ఎర్త్ వచ్చేది కాదు వదినా, అది తీస్కపోయేది. కారిన కరెంటును గుంతలకు గుంజుకపోవట్టే, నీకిన్ని దినాలు జర్రంత సురుక్కుమన్నది. ఇప్పుడు దానికి దారి లేదు. ఉత్త కాళ్ళతోటి తడిల నిలవడి ఎవలు నల్లా పడితే, వాళ్ళే దారి."

నీలాకు తన మాట గుర్తొచ్చింది. ఎర్త్ వస్తంది అని కేకేసింది తనే. కోసినవాడికి చాయ్ పోసింది కూడా తనే.

"ఎవ్వలను ముట్టనియ్యకు" అన్నాడు సాగర్. "కరెంటాఫీసోళ్ళు వచ్చి బయటి డబ్బల ఫ్యూజు పీకాలె. గంత దాక ఆ నల్లా పామే అనుకోండ్రి."

నీలా వెంటనే మేడానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. చాలాసేపటికి ఎత్తి, "పని గురించైతే ఇంకేం మాట్లాడకు నీలా. మనిషి దొరికింది, ఈదమ్మ రేపట్నుంచి వస్తానంది" అని, ఇవతల చెప్పేది వినకుండానే పెట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా మోగలేదు.

ఛస్తే చావనీ అనుకుంది నీలా. కోపంతో కాసేపు నిజంగానే అలా అనుకుంది. కానీ చచ్చేది మేడం కాదు. ఈదమ్మ వయసు మళ్ళిన మనిషి, నాలుగిళ్ళలో బట్టలుతికి బతుకుతుంది. ఆమెకు ఫోను లేదు. ఎవరేమన్నా నవ్వే ఆ ముసలిది, రేపు పొద్దున ఒట్టి కాళ్ళతో ఆ బండ ఎక్కుతుంది.

తెల్లారేసరికి మళ్ళీ వాన. షేరింగ్ ఆటోవాడు మనుషులు నిండితే గానీ కదలనని కూర్చున్నాడు. "అన్నా, పానం మీదికొచ్చింది, తొందరగ పోనియ్" అంటే, ఎవరికైనా బాగాలేదేమోనని అనుకుని ఖాళీ ఆటోనే తోలాడు. వెంచరు మలుపులో దిగి నీలా పరుగెత్తింది. బురదలో ఒక చెప్పు కూరుకుపోతే రెండు చేతులా పెరికి తొడుక్కుని మళ్ళీ పరుగెత్తింది. కాళ్ళకు చెప్పులుండాలని సాగర్ చెప్పకపోయినా ఆమెకు తెలుసు.

గేటు పక్కన, పిన్నీసుతో ఉంగటం బిగించిన పాత రబ్బరు చెప్పులు జంటగా విడిచి ఉన్నాయి.

లోపల ఈదమ్మ చీర మోకాళ్ళ పైకి చెక్కుకుని, నల్లా కింద బకెట్టు సర్దుతోంది. చెయ్యి పైకి లేచింది.

"ముట్టకే పెద్దమ్మా!"

ఆ కేకకు ఈదమ్మ ఉలిక్కిపడి, చెయ్యి గుండెకు పెట్టుకుంది. నీలా చెప్పులతోనే లోపలికి దూసుకుపోయి, ఆమెను జబ్బ పట్టి బండ మీంచి కిందికి లాగింది.

"ఏందే పిల్లా, నీ పనికి నేనొచ్చిననని కోపమా?"

"కోపం కాదు పెద్దమ్మా. నల్లాల కరెంటుంది. నిన్న నన్ను సంపబోయింది."

మేడం వరండాలోకి వచ్చింది. ముందు నీలా కాళ్ళకున్న బురద చెప్పులను, తర్వాత బండ మీద పడ్డ ముద్రలను చూసింది. "ఏంటి ఈ అఘాయిత్యం? పని పోయిందని ఇంకొకళ్ళ నోటి దగ్గర కూడు చెడగొడతావా?"

నీలా సాగర్ చెప్పినదంతా గబగబా చెప్పింది. భూమిలో కేబులు సంగతి, మేకు సంగతి, కోసేసిన తీగ సంగతి. మేడం వింటూనే ఉంది. విన్నంతసేపూ నల్లా వైపే చూస్తూ ఉంది. చివరికి, "మీ మరిదేమన్నా ఇంజనీరా? నీ గోల చూసి పొద్దున్నే మెయిన్ ఆపి ఉంచాను. ఇంట్లో ఒక్క లైటు వెలగడం లేదు. ఇంకేం కావాలి?" అంది.

ఈదమ్మ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "మెయిన్ ఆపిన్రంట గదనే" అంటూ మళ్ళీ బండ వైపు ఒక అడుగు వేసింది.

నీలా ఆమెకు అడ్డం నిలబడి మేడం వైపు తిరిగింది.

"సరే అమ్మా. ఆపిన్రు. కరెంటు లేదు. అయితే మీ చెప్పులిడిసి, గీ బండ మీద నిలవడి, ఒక్కసారి మీరే ముట్టుండ్రి. ముట్టినంక పెద్దమ్మ ఉతుకుతది. నేను మీ కాళ్ళు మొక్కి పోత."

అన్నాక గానీ అదెంత మాటో ఆమెకు తెలియలేదు. పంతానికి పోయి మేడం నిజంగానే ముట్టుకుంటే? నీలా వరండా మూల పొడిగా ఉన్న బూజుకర్రను లాగి, రెండు చేతులా పట్టుకుంది. వెదురుకర్ర. ఆ చెయ్యి నల్లాకు పట్టుకుంటే ఒక్క దెబ్బతో విడిపించాలి. తను మాత్రం ముట్టుకోకూడదు.

మేడం ఆ కర్రను చూసింది. తర్వాత మెట్టు దిగింది. కుడికాలి చెప్పు విడిచింది. ఆ పాదం తెల్లగా, మెత్తగా, మట్టి ఎరగనట్టు ఉంది. బండ మీద వాననీళ్ళు పల్చగా నిలిచి ఉన్నాయి. నల్లా మూతి నుంచి బొట్టు తర్వాత బొట్టు పడుతోంది. మేడం పాదం ముందుకు సాగింది. బొటనవేలు నీళ్ళకు జానెడు పైన ఆగింది.

ముగ్గురూ ఆ వేలినే చూస్తున్నారు. నీలా కర్రను బిగించి పట్టుకుంది.

పాదం వెనక్కి వచ్చింది. తడుముకుంటూ, తడుముకుంటూ చెప్పులోకి దూరింది.

"ఈదమ్మా" అంది మేడం చాలా మెల్లగా. "ఇవాళ్టికి బట్టలొద్దులే."

నీలా చేతిలో కర్ర జారి బండ మీద పడింది. ముందు రోజంతా ఆమె కుమిలింది మేడం తనను నమ్మలేదనే. నమ్మకపోతే ఆ కాలు ఆగేది కాదు. మేడం నమ్మింది. నమ్మే, రబ్బరు చెప్పులతో పక్కన నిలబడి, మెయిన్ ఆపి, ఉతుకు అంది.

"గీ మాట నిన్న నాకెందుకు అనలేదమ్మా?" అని అడిగింది.

మేడం ఫోను తీసి కరెంటాఫీసు నంబరు కోసం వెతకడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా చాలాసేపు వెతికింది.